కలతల నడుమ సమాధానము: అజరయ్య బిషప్పుగారి చరిత్రము

లోకములో కలత లేని కాలమొకటి యుండెనని చరిత్రలో మాకెచ్చటను కానరాదు. యుద్ధములు, కఱవులు, తెగుళ్లు, కులకక్షలు, మతవాదములు ప్రతి తరమునకును వచ్చుచునే యున్నవి. అట్టి లోకములో మనస్సునకు నెమ్మది కావలెనన్న ఊరు విడిచి అడవికి పోవలెనని మన పూర్వులలో పలువురు తలంచిరి. మేమిక్కడ వ్రాయబూనిన మహనీయుడును అడవి యంచునకే వచ్చెను. అయితే ఆయన పని వెదకుకొనుచు వచ్చెను. నెమ్మది ఆ పనిలోనే ఆయనకు దొరికెను. ఆయన దోర్నకల్లు ప్రథమ బిషప్పు వేదనాయకము సామ్యేలు అజరయ్యగారు.

పటము చూచు విద్యార్థులకు దోర్నకల్లు ఎక్కడ నున్నదో తెలిసియే యుండును. కాజీపేటనుండి విజయవాడకు పోవు ఇనుపదారిమీద, ఖమ్మము చేరకమునుపే అది వచ్చును. అక్కడ దారి చీలి సింగరేణి బొగ్గుగనుల వైపునకు పోవును. కొత్తగూడెములోని స్టేషనుకు భద్రాచలము రోడ్డు అని పేరు. అక్కడనుండి పాల్వంచ మీదుగా గోదావరి యొడ్డునకు పోయిన భద్రాచలము, దానికి ఎగువను దుమ్ముగూడెము. నడుమ నంతయు టేకు, ఇప్ప, తునికి, మద్ది చెట్ల అడవియు, కోయవారి గూడెములును. అజరయ్యగారి దినములలో ఖమ్మము, దోర్నకల్లు నైజాము రాజ్యములోని వరంగల్లు జిల్లాలో నుండెను. భద్రాచలము తాలూకా చెన్నపట్నపు రాజధానిలో నుండెను. అనగా ఈ అడవి రెండు ప్రభుత్వములకు సరిహద్దు. ఖమ్మము జిల్లా 1953 లో ఏర్పడెను. భద్రాచలము అందులో చేరినది 1959 లో. దోర్నకల్లు 2016 నుండి మహబూబాబాదు జిల్లాలోనిది.

ఈ అడవిలో సువార్త దీపము అజరయ్యగారికి ముందే వెలిగియుండెను. 19వ శతాబ్ది నడిమికాలమున ఎగువ గోదావరిలో పడవలు నడపుటకు ఆనకట్టలు, కాలువలు కట్టించుచుండిన హేగు అను ఇంజినీరు దుమ్ముగూడెములో నివసించి, కోయవారికి బోధించువారు లేరని చింతించెను. ఆయన క్రింద ఉద్యోగము చేయుచుండిన వెంకటరామరాజుగారు క్రైస్తవుడై, జీతము విడిచి, ఆ కోయవారికే బోధకుడయ్యెను. తరువాత కెయిన్ అయ్యగారు వచ్చి బహుకాలము పని చేసి, కోయవారి ఆచారములను గూర్చి వ్రాసెను. పడవల దారి పని 1871 లో ప్రభుత్వము మానివేసెను. పడవలు లేకున్నను సంఘము నిలిచెను. దోర్నకల్లు మేత్రాసనము విస్తరించినప్పుడు ఈ దుమ్ముగూడెపు సంఘములును అజరయ్యగారి పోషణక్రిందికి వచ్చినవి గనుక ఇంతమాత్రము చెప్పితిమి.

అజరయ్యగారు తెలుగువారు కారు. తిరునల్వేలి జిల్లాలో వెళ్లాళన్‌విళై అను చిన్న గ్రామమున 1874 ఆగస్టు 17వ తేదీన జన్మించిరి. తండ్రి తామసు వేదనాయకముగారు ఆ గ్రామ సంఘమునకు గురువు. ఒక కుమార్తె పుట్టిన పిమ్మట పదుమూడేండ్లు తల్లికి మరల సంతానము లేక, ఆమె ప్రార్థించి కనిన బిడ్డడగుటచేత, బైబిలులోని హన్నా కుమారుని పేరే ఈయనకును పెట్టిరి. వారిది నాడారు కులము. ఆ కాలమున ఆ దేశములో ఆ కులమువారిని పై కులములవారు ఎంత తక్కువగా చూచిరో చరిత్ర చదివినవారెఱుగుదురు. తండ్రి మరణింపగా తల్లి ఎల్లెనమ్మగారు గట్టి క్రమశిక్షణతో పెంచిరి. మిషను బడులలో చదువుకొనుచుండగనే ఈయనకు కులభేదముమీద వైముఖ్యము కలిగెను.

తరువాత చెన్నపట్నపు క్రిస్టియన్ కళాశాలలో గణితము చదివిరి. పరీక్ష దగ్గరపడినప్పుడు జబ్బుపడుటచేత పట్టము దొరకలేదు. మరల దానికై ప్రయత్నింపనులేదు. పరీక్ష తప్పినంతనే లోకము మునిగినట్లు తలంచు మన విద్యార్థులకు ఒక మాట చెప్పవలెను: బి. ఏ. లేని ఈ పురుషునికి 1920 లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము గౌరవార్థమై ఎల్. ఎల్. డి. పట్టమిచ్చెను. అయినను పట్టము పోయిననాడు ఆయనకు ఆ సంగతి తెలియదు గదా! ఆ నిరాశను మ్రింగికొని 1895 లో వై. ఎం. సి. ఏ. కార్యదర్శిగా ప్రవేశించి, దక్షిణదేశమంతయు తిరిగి యౌవనులలో పని చేసిరి. 1898 లో అన్బు మరియమ్మాళ్‌గారిని వివాహమాడిరి. కట్నము పుచ్చుకొనలేదు; పెండ్లికి ఆడంబరమును లేదు. ఆ దినములలో, ఆ మాటకు వచ్చిన ఈ దినములలోను, ఇది చిన్న సంగతి కాదు.

ఆయన జీవితములో మొదటి గొప్ప కలత 1902 లో కలిగెను. ఆ సంవత్సరము ఆయన సింహళమందలి యాఫ్నాకు పోయిరి. అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత ధనముతో సువార్త సంఘము పెట్టుకొని ఇతరులయొద్దకు బోధకులను పంపుచుండుట చూచి, అంతకంటె పాతదియు పెద్దదియునైన తిరునల్వేలి సంఘము అట్టి పని ఏమియు చేయకున్నదని సిగ్గుపడిరి. ఈ సిగ్గు ఆయనను నిదురపోనీయలేదు. 1903 ఫిబ్రవరిలో పాళయంకోటలో తిరునల్వేలి ఇండియన్ మిషనెరీ సంఘము స్థాపింపబడెను. మనదేశపు మనుష్యులు, మనదేశపు ధనము, మనదేశపు నిర్వాహము అనునది దాని నియమము. పనికి ఏర్పరచుకొనిన స్థలము నైజాములోని మానుకోట, దోర్నకల్లు ప్రాంతము. 1905 క్రిస్మసు దినమున శ్రీరామపురములో జాతీయ మిషనెరీ సంఘము స్థాపింపబడినప్పుడు ఆయనయే దానికి మొదటి ప్రధాన కార్యదర్శి యయ్యెను.

సంఘములు స్థాపించి, సభలలో మాటలాడి, ఇతరులను పంపుచుండుట సులభము. ఈ సంగతి ఆయన మనస్సునకు ముల్లువలె తగిలెను. పరులను పొమ్మనువాడు తానేల పోడు? పట్టణపు ఉద్యోగమును, దేశమంతటి పేరును విడిచి, 1909 లో గురుపట్టము పొంది దోర్నకల్లు చేరిరి. అప్పటికి వయస్సు ముప్పదియైదు. తెలుగు అక్షరములనుండి మొదలుపెట్టవలసి వచ్చెను. మొదట గృహము ఒక గుడారము. చుట్టును అడవి, జ్వరములు, చదువెఱుగని బీదలు. ఊరికి వెలుపల మాలపల్లె, దానికి ఆవల మాదిగవాడ; ఊరి నూతినీళ్లకు వారు తగరు, గుడికి తగరు, బడికి తగరు. తమిళదేశమున తన పెద్దలు పడిన అవమానములను వినియున్న ఆయనకు ఈ జనుల ముఖములు చూచుట క్రొత్త కాదు. నేర్చుకొనిన తెలుగులోనే పిమ్మట బోధించిరి, పుస్తకములు వ్రాసిరి, గురువులకు పాఠములు చెప్పిరి.

మరుసటి సంవత్సరము, 1910 జూనులో, స్కాట్లండు దేశపు ఎడింబరో నగరమున ప్రపంచ మిషనెరీ మహాసభ జరిగెను. వేయికి పైబడిన ప్రతినిధులలో ఆసియావారు బహు కొద్దిమంది. అక్కడ అజరయ్యగారు విదేశ మిషనెరీలకును దేశస్థులైన సేవకులకును గల సంబంధమును గూర్చి మాటలాడవలసి వచ్చెను. ఆయన పొగడ్తలు చెప్పలేదు. మిషనెరీలు ప్రాణమిచ్చుటకు సిద్ధముగా నున్నారు గాని, తమ భోజనపు బల్లయొద్ద కూర్చుండబెట్టుకొనుటకు సిద్ధముగా లేరనియు, ధర్మముకంటె స్నేహము కావలెననియు తేటగా చెప్పిరి. సభలో కొందరికి కోపము వచ్చెను. కొందరు తల వంచుకొనిరి. ఉపకారము చేసినవారి యెదుట నిలిచి, ద్వేషము లేకయు భయము లేకయు నిజము చెప్పుటకు హృదయములో ఎంత నిబ్బరము కావలెనో యోచింపుడు. కోపముతో చెప్పినవానిని మరచిపోవుదురు. ఆయన చెప్పినదానిని నూఱేండ్లు దాటినను సంఘచరిత్రకారులు వ్రాయుచునే యున్నారు.

చెన్నపట్నపు బిషప్పు వైట్‌హెడ్డుగారు ఈయన గుణము నెఱిగి, దోర్నకల్లును ఒక మేత్రాసనముగా చేసి ఈయనను బిషప్పుగా నియమింపజూచిరి. అప్పటివరకు ఆంగ్లికను సంఘములో భారతీయుడు బిషప్పుగా నుండలేదు. అభ్యంతరములు బయలుదేరెను. నల్లవాని క్రింద తెల్లవారెట్లు పని చేయుదురని కొందరు విదేశీయులు. నాడారు కులస్థుని కింత పదవియా యని కొందరు స్వదేశ క్రైస్తవులు. మొదటివారి మాటకంటె రెండవవారి మాటయే ఆయనకు ఎక్కువ నొప్పి కలిగించియుండునని మేము తలంచెదము. ఆయన ఎవరితోను వాదమునకు దిగలేదు. 1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తాలోని సెయింట్ పాల్సు దేవాలయమున అభిషేకము జరిగెను. వయస్సు ముప్పదియెనిమిది.

మొదట ఆ మేత్రాసనము చిన్నదే. తరువాత కృష్ణా గోదావరి జిల్లాలలోని సంఘములును దానిలో చేరి బహుగా విస్తరించెను. 1930 తరువాతి యేండ్లలో దాని క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటెను. తెలుగువారు ఆయనను తండ్రిగారని పిలిచిరి. ఆయన ప్రయాణము లెక్కువగా ఎడ్లబండిమీద. ఒక పల్లె చేరి, చెట్టుక్రింద కూర్చుండి, బాప్తిస్మము కోరినవారిని ప్రశ్నించి, ఉపదేశకుని బడి చూచి, తగవులు తీర్చి, మరల బండి యెక్కి పోవుచుండిరి. తెల్లవారకమునుపే లేచి ప్రార్థించుట ఆయన నియమము. ఆ ప్రార్థనలో తన క్రింది గురువులను పేరుపేరున జ్ఞాపకము చేసికొనుచుండిరి. పగలంతయు వచ్చిపోవు తగవులను సహించుటకు కావలసిన నెమ్మదిని ఆయన ఈ వేకువ గడియలోనే సంపాదించుకొనెనని ఆయన నెఱిగినవారు వ్రాసిరి. ఇందులో మర్మమేమియు లేదు. ఒకని పేరు ఉదయమున దేవుని సన్నిధిని పలికినవానికి, మధ్యాహ్నము ఆతని తప్పు వినినప్పుడు ఆతనిమీద మండిపడుట అంత సులభము కాదు.

ఆయన శాంతుడే గాని మెత్తనివాడు కాడు. ఈ సంగతిని మరుగుపరచుట సత్యమునకు విరోధము. త్రాగుడు, అప్పులు, బాల్యవివాహము, కులభేదము: వీనిలో ఆయన గట్టి శాసకుడు. మాలలు మాదిగలు ఒక్క పాత్రలోనే ప్రభురాత్రి భోజనము పుచ్చుకొనవలెను. వేఱుగా కూర్చుండెదమన్న వల్లపడదు. క్రీస్తునందు సమాధానము దొరకెనని చెప్పుకొనుచు పొరుగువాని ముంత ముట్టనివాని సమాధానమును ఆయన సమాధానముగా లెక్కింపలేదు. దీనిచేత కొందరు అలిగిరి. కొన్నిచోట్ల పని కుంటువడెను. ఆయన నియమము మాత్రము సడలలేదు. తెల్లవారి యలవాట్లకు, ఆంగ్లికను సంఘపు క్రమములకు ఆయన మితిమీరి కట్టుబడెనని స్వరాజ్యవాదులైన క్రైస్తవులలో కొందరి విమర్శ. అందులో కొంత నిజము లేకపోలేదు. అయితే పల్లెలలో ఆయన కోలాటములను, భజనలను, తెలుగు కీర్తనలను ఆరాధనలోనికి తెచ్చిన సంగతియు ఆ విమర్శకులు చెప్పవలసియుండెను. పంట ఇంటికి వచ్చినప్పుడు ప్రథమఫలముల పండుగ చేయించి, ధాన్యమును, కోళ్లను, గుమ్మడికాయలను కానుకగా తెప్పించి, బీదవారికి ఇచ్చుట నేర్పిరి. ఇచ్చువాడు బిచ్చగాడు కాడు గదా.

బాప్తిస్మము పొందిన ప్రతివానిని తన చేయి తన తలమీద నుంచుకొని, సువార్త చెప్పకున్న తనకు శ్రమ యని పలుకునట్లు ఆయన నేర్పుచుండిరి. చదువు రాని కూలివాడైనను, పొలములో కలుపు తీయు స్త్రీయైనను దీనికి మినహాయింపు లేదు. అన్బు అమ్మగారు స్త్రీలలో ఇట్టి పనినే చేసిరి. గురువుల భార్యలకు చదువు, శుభ్రత, పిల్లల పెంపకము నేర్పిరి. ఫలమేమన, నిన్న త్రాగి కొట్టుకొనుచుండిన పేటలలో నేడు సాయంకాలము ప్రార్థన వినబడుట చూచి, ఊరిలోని శూద్రకులములవారు ఆశ్చర్యపడి, 1920 తరువాత వారిలోనుండియు వేలకొలది జనులు సంఘములో చేరిరి. పెద్దలు పిన్నలకు దారి చూపుట లోకరీతి. ఇక్కడ ఊరి వెలుపలివారే ఊరివారికి దారి చూపిరి.

ఇక ఆయన యెదుర్కొనిన మఱియొక కలత. 1932 లో మతములనుబట్టి ప్రత్యేక నియోజకవర్గములు ఏర్పరచు నిర్ణయమును బ్రిటిషు ప్రభుత్వము ప్రకటించినప్పుడు, క్రైస్తవులకు అట్టివి వలదని అజరయ్యగారు వాదించిరి. సంఘము పదవులకై పోరాడు ఒక కక్షగా మారిన, అది అందఱి సేవకు పనికిరాదని ఆయన భయము. 1935 లో అంబేద్కరుగారు తాను హిందువుగా మరణింపనని ప్రకటించిన పిమ్మట హరిజనుల మతాంతరమును గూర్చి దేశమంతట వాదము రేగెను. గాంధీమహాత్ములు మిషనుల పనిని తమ పత్రికలో తీవ్రముగా విమర్శించిరి. ఏమియు తెలియని బీదలు సమూహములుగా మతము మారుట విశ్వాసము కాదని వారి యభిప్రాయము. బీదవానికిని ఆత్మ గలదు, ఆకలి అన్నముకొఱకు మాత్రమే కాదు, వారి నడతలోని మార్పే సాక్ష్యము అని అజరయ్యగారి యుత్తరము. ఇరువురును దేవుని భయము గలవారే, ఇరువురును అంటరానితనమును ద్వేషించినవారే. అయినను ఏకాభిప్రాయము కుదరలేదు. దేశమంతయు ఒకవైపు పూజించు మహాత్మునితో విభేదించి నిలుచుట తేలిక కాదు. దేశద్రోహియను నింద దాపుననే యుండును. ఆ నింద మాటున ఆయన తన పల్లెలకు పోవుట మానలేదు.

తీరని దుఃఖ మొకటి ఆయనకు చివరివరకు నుండెను. ఒకే ఊరిలో మూడు మిషనులవారు మూడు గుడులు కట్టి, ఒకరి బల్లయొద్దకు ఒకరు పోకుండుట ఆయనకు అవమానముగా తోచెను. 1919 మే నెలలో తరంగంబాడిలో జరిగిన సభకు ఆయన అధ్యక్షులు. అక్కడ కూడిన ముప్పదిముగ్గురు సేవకులు, అందులో ఇద్దరు తప్ప అందఱును భారతీయులే, సంఘముల ఐక్యతకై ప్రకటన చేసిరి. తరువాత ఇరువదియైదేండ్లు చర్చలే చర్చలు. మేత్రాసనములు, అభిషేకములు, క్రమములు: పండితులు పదముల నడుమ చిక్కుకొనిరి. పల్లెలో ఎడ్లబండిపై తిరుగువానికి ఈ ఆలస్యము ఎంత బాధయో మేము వర్ణింపజాలము.

దోర్నకల్లు ప్రధాన దేవాలయపు కథయు ఇట్టిదే. దానిని కట్టుట మొదటి మహాయుద్ధకాలమున ఆరంభమై, ధనము చాలక పలుమారు నిలిచిపోయెను. అసంపూర్ణమైన ఆ గోడలను చూచుచు ఆయన పదుల సంవత్సరములు గడపిరి. పల్లెబడులకును ఉపదేశకులకును ముందు కావలెను, గోడలు ఆగవచ్చును అనునది ఆయన లెక్క. తుదకు తాంబరములో 1938 డిసెంబరున జరిగిన అంతర్జాతీయ మిషనెరీ మహాసభ ముగిసిన కొలదిదినములకే, 1939 జనవరి 6వ తేదీన, ప్రభువు ప్రత్యక్షతా పండుగనాడు ప్రతిష్ఠ జరిగెను. ఆ ఆలయమును చూచినవారికి ఆయన మనస్సు తెలియును. హిందూ దేవాలయములందువలె చెక్కిన రాతిస్తంభములు, ముసల్మానుల కట్టడములందువలె గుమ్మటములు, మీనారులు. వాని నడుమ సిలువ. నైజాము రాజ్యములో ఇరుగుపొరుగుగా బ్రదికిన మూడు మతముల జనులకు ఆ కట్టడములో పరాయిది ఏదియు లేదు. ఆ సంవత్సరము సెప్టెంబరులోనే రెండవ మహాయుద్ధము ఆరంభమయ్యెను.

యుద్ధపు చివరి యేండ్లలో ధరలు పెరిగి, బియ్యము దొరకక, జనులు బహు ఇక్కట్లు పడిరి. డెబ్బదియేండ్లు నిండినను అజరయ్యగారు పర్యటనలు మానలేదు. 1944 డిసెంబరులో పల్లెలలో తిరిగి జ్వరముతో ఇల్లు చేరిరి. కొలదిదినముల వ్యాధి పిమ్మట 1945 జనవరి 1వ తేదీన దోర్నకల్లులోనే ప్రభువునందు నిద్రించిరి. తాను కట్టించిన దేవాలయపు దాపుననే సమాధి చేసిరి. ఎన్నో యేండ్లు ఆయనకు సహాయ బిషప్పుగా పని చేసిన ఎలియట్‌గారు ఆ పీఠము నెక్కిరి. ఆయన ప్రతిదినము కోరిన దక్షిణ ఇండియా సంఘము 1947 సెప్టెంబరు 27వ తేదీన, చెన్నపట్నపు సెయింట్ జార్జి దేవాలయమున ఏర్పడెను. దోర్నకల్లు నేటికిని ఆ సంఘములో ఒక మేత్రాసనము. దుమ్ముగూడెపు అడవి పల్లెలలో ఆదివారపు గంట నేటికిని మ్రోగుచున్నది. ఆంగ్లికను సంఘపు పంచాంగములో ఆయన జ్ఞాపకదినము జనవరి 2. దానికి నాలుగుదినముల తరువాత వచ్చు పండుగయే ఆయన దేవాలయపు ప్రతిష్ఠాదినము.